అధికారానికి అవధి

గత నెలలో మా పేట గ్రంథాలయానికి ఒక దాత ఆరు కంప్యూటర్లు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక సర్వరు ఇప్పించారు. గ్రంథాలయ సంఘంలో నేనొక సభ్యుణ్ణి. యంత్రాలు అమర్చడానికి వచ్చిన కుర్రవాడు సాయంకాలం అయిదు దాటాక ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టి, "ఇక్కడొక సంతకం చెయ్యండి మాస్టారూ, మళ్ళీ నాకు బస్సు దొరకదు" అన్నాడు. కాగితం మీద ఉన్నది ఒకే వాక్యం: పరికరాలు, సాఫ్ట్‌వేరు అన్నీ సంతృప్తికరంగా అమర్చబడినవి.

కలం మూత తీసినవాణ్ణి మళ్ళీ పెట్టేశాను. అలాంటి వాక్యం కింద ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి చదవకుండా సంతకం చేశాను. దాని ఫలం నేను అనుభవించలేదు. తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడొకడు అనుభవించాడు.

తెలుగు పండితుడికి కంప్యూటర్ల గొడవ ఎందుకని పాఠకమిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా తప్పులేదు. కాని ఇది యంత్రానికి సంబంధించిన విషయం కంటే అధికారానికి సంబంధించిన విషయం. ఎవరికి ఎంత అధికారం, ఎక్కడిదాకా, ఎవరు ఇచ్చారు అన్నది మా వ్యాకరణంవాళ్ళకు కొత్త ప్రశ్న కాదు. అందుకని నాకు తెలిసినంతలో చెబుతాను.

2004 జూలైలో మా ఉన్నత పాఠశాలకు ఒక సర్వరు, పది కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటరు గది బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు లెక్కల మాస్టారికి పదో తరగతి ప్రత్యేక తరగతులు అడ్డం వచ్చాయి, సైన్సు మాస్టారికి ప్రయోగశాల అడ్డం వచ్చింది. తెలుగు పండితుడికి ఏమీ అడ్డం రాలేదు. ఆ విధంగా గది తాళం నా జేబులోకి చేరింది.

అమర్చే పని ఒక గుత్తేదారు సంస్థది. వాళ్ళ మనిషి రెండు రోజులు కూర్చుని సర్వరును నిలబెట్టి, పది యంత్రాలనూ దానికి కలిపాడు. ఆ పది యంత్రాల మీదా విండోస్ ఎక్స్‌పీ ఉండేది. సర్వరును ఆశ్రయించి పనిచేసే ఇలాంటి యంత్రాలను క్లయింటులంటారు. వాటిని కలిపేటప్పుడు ఆయన మూడు పనులు చేశాడు. అవి ఏమిటో ఆనాడు నాకు తెలియదు.

మొదటిది: సర్వరును నిర్వహించడానికి ఉద్దేశించిన పనిముట్ల కట్ట ఒకటి వేరే ఉంటుంది. వాడుకరుల ఖాతాలు సృష్టించడం, తుడిచివేయడం, హక్కులు ఇవ్వడం, తీసివేయడం అన్నీ దానితోనే. అది సర్వరు ముందు కూర్చునే ఒక్క మనిషికి కావలసినది. ఈయన దాన్ని పది యంత్రాల మీదా వేశాడు. ఎందుకంటే ఏ కుర్చీలో కూర్చున్నా అక్కడినుంచే తన పని చూసుకోవచ్చు, లేచి సర్వరు దగ్గరకు నడవనక్కరలేదు.

రెండవది: పిల్లలకు టైపు నేర్పే ప్రోగ్రాము ఒకటి ఉండేది. అది పిల్లవాడి వేగాన్ని, తప్పుల లెక్కను తన సొంత ఫోల్డరులోనే రాసుకొనేది. సామాన్య వాడుకరికి ఆ ఫోల్డరులో రాసే హక్కు లేదు గనుక ప్రోగ్రాము మొండికేసింది. ఆ ఒక్క ఫోల్డరులో రాసే హక్కు ఇస్తే సరిపోయేది. ఈయన పిల్లలందరూ వాడే ఖాతాను తీసుకువెళ్ళి ఏకంగా నిర్వాహకుల బృందంలో చేర్చాడు. ప్రోగ్రాము నడిచింది. గుమ్మం ఇరుకైందని గోడ పడగొట్టినట్లయింది.

మూడవది: పది యంత్రాలకూ నిర్వాహకుడి సంకేతపదం ఒక్కటే పెట్టాడు.

తరువాత నాచేత సంతకం చేయించుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది అర్ధసంవత్సర పరీక్షల మార్కుల పట్టికలన్నీ సర్వరులో ఒక ఫోల్డరులో దాచాము. దానిలోకి నాకూ, ప్రధానోపాధ్యాయుల వారికీ తప్ప ప్రవేశం లేదు. పెద్దపండుగ సెలవుల తరువాత, 2005 జనవరిలో ఒక మధ్యాహ్నం, తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పరుగెత్తుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. "సార్, మీ పేరు మీద నొక్కితే పోయింది సార్. తరువాత హెడ్మాస్టరు గారిది నొక్కాను, అదీ పోయింది" అన్నాడు.

టైపు పాఠం ముగిశాక ఏమీ తోచక తెర మీద ఉన్నవన్నీ తెరిచి చూస్తున్నాడట. ఒకచోట మా అందరి పేర్లూ వరుసగా కనబడ్డాయట. నా పేరు మీద నొక్కి, మెనూలో తుడిచివేయుమన్న మాట కనబడితే నొక్కాడు. నిజంగా తుడుస్తావా అని యంత్రం అడిగింది. అవునన్నాడు. ఒకటి పోయింది గదా, రెండోది కూడా పోతుందా అని చూశాడు. పిల్లలు అలాగే చూస్తారు. దీపం వత్తి ముట్టుకుని చూసే వయసు దాటి మూడు నాలుగేళ్ళు కాలేదు.

వాడు వచ్చి చెప్పకపోతే ఎవరు చేశారో మాకు ఈ జన్మలో తెలిసేది కాదు. అందరూ ఒకే ఖాతాతో ప్రవేశించేవారు. వాడు పారిపోలేదు, దాచలేదు, పక్కవాడి మీదకు తోయలేదు. తిన్నగా నా దగ్గరకే వచ్చాడు.

అదే పనిముట్టుతో మా రెండు ఖాతాలనూ అవే పేర్లతో మళ్ళీ సృష్టించాను. పని అయిపోయిందనుకున్నాను. కాని మార్కుల ఫోల్డరు తెరుచుకోలేదు. దీని రహస్యం తరువాత తెలిసింది. సర్వరుకు మన పేరుతో పని లేదు. ఖాతా పుట్టినప్పుడు దానికొక పొడవైన గుర్తింపు సంఖ్య పుడుతుంది. హక్కులన్నీ ఆ సంఖ్యకు రాసిపెడతారు. ఖాతా తుడిస్తే సంఖ్య పోతుంది. అదే పేరుతో ఇంకొకటి చేస్తే దానికి వేరే సంఖ్య వస్తుంది. పేరొకటే గాని మనిషి వేరు. నిఘంటువులో నానార్థాలు చెప్పి బతికినవాణ్ణి, ఈ ఒక్క నానార్థం దగ్గర బోర్లాపడ్డాను.

గుత్తేదారు మనిషి పదకొండు రోజులకు వచ్చాడు. ఫోల్డరు యాజమాన్యాన్ని నిర్వాహకుడి పేరుకు మార్చుకుని, హక్కులు మళ్ళీ రాసి, పది నిమిషాల్లో తెరిచి చూపించాడు. పట్టికలు చెక్కుచెదరలేదు.

కాని ఆ పదకొండు రోజుల్లో బడిలో జరగవలసినది జరిగిపోయింది. పిల్లవాడి తండ్రిని పిలిపించారు. సైకిలు మరమ్మతు దుకాణం ఆయనది, చేతులకు గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు. టీసీ ఇచ్చి పంపేస్తామని ప్రధానోపాధ్యాయులు కేకలేశారు. తండ్రి నావైపు తిరిగి, "మాస్టారూ, వాడే వచ్చి చెప్పాడు గదండీ, మీరైనా ఒక్క మాట చెప్పండి" అన్నాడు.

ఆ ఒక్క మాట నేను చెప్పలేదు. గది బాధ్యత నాది. పిల్లవాడి తప్పు కాదంటే మరి ఎవరి తప్పన్న ప్రశ్న వస్తుంది. బీరువాలో ఉన్న కాగితం మీద నా సంతకం ఉంది. టీసీ ఇవ్వలేదు. ఆ ఏడాది మిగిలిన రోజులన్నీ కంప్యూటరు పీరియడులో వాణ్ణి గదిలోకి రానీయకూడదన్నారు. వారానికి రెండు పీరియడులు వాడు బయట వేపచెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. కిటికీలోంచి నాకు కనబడుతూ ఉండేవాడు. ఒక్కసారి కూడా లోపలికి చూడలేదు.

ఆ తరువాత జరిగినది కూడా చెప్పాలి. సంస్థవారు తమ తప్పు దిద్దుకోవడానికి తెర మీదా మెనూలోనూ ఉన్న నిర్వాహక పనిముట్ల గుర్తులన్నీ తీసేశారు. ఇక కనబడవు, కనబడనిది ఎవరూ ముట్టుకోరన్నారు. పనిముట్లు మాత్రం యంత్రంలోనే ఉన్నాయి. పిల్లల ఖాతా నిర్వాహకుల బృందంలోనే ఉంది. మూడు వారాలు తిరక్కుండా పదో తరగతి కుర్రవాడొకడు ఆ పనిముట్టు అసలు పేరు ఎక్కడో తెలుసుకుని, పేరు టైపు చేసి దాన్ని తెరిచాడు. వాడు ఏమీ తుడవలేదు, నాకు చెప్పనూ లేదు. తోటి పిల్లలు చెబితే తెలిసింది. మొదటివాడికి జరిగిన మర్యాద చూశాక ఎవడు చెబుతాడు?

అప్పుడు మూడో దశ మొదలైంది. పట్టరాని కోపం వచ్చి అన్నీ బిగించేశారు. గడియారంలో సమయం మార్చడానికి వీల్లేదు, కంట్రోల్ ప్యానెల్ లేదు, మౌసు కుడివైపు నొక్కు కూడా పనిచెయ్యదు. విండోస్‌లో తెలుగు లిపికి ఏర్పాటు వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతోనే. గౌతమి అనే అక్షరరూపం కూడా దానితోనే వచ్చింది. అయితే మన లిపి సరిగ్గా కనబడాలన్నా, రాయాలన్నా భాషల ఏర్పాట్లలో ఒక గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి, కొన్ని ఫైళ్ళు ఎక్కించాలి. అది నిర్వాహకుడి హక్కుతో చేయవలసిన పని. పిల్లలచేత తెలుగులో నాలుగు వాక్యాలు టైపు చేయించాలని నా ఆశ. సంస్థకు ఎన్నిసార్లు ఫోను చేశానో లెక్కలేదు. చివరకు విసిగిపోయిన ఆ మనిషి ఫోనులోనే నాకు నిర్వాహకుడి సంకేతపదం చెప్పేశాడు. దినచర్య పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. శనివారం వచ్చేసరికి అది నలుగురు ఉపాధ్యాయులకు తెలుసు.

గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చామన్నమాట. మొదట తలుపు బార్లా తీశారు. తరువాత తలుపు మీద దుప్పటి కప్పారు. ఆ తరువాత గోడ కట్టారు. గోడ కట్టేసరికి మేమే కన్నం వేసుకున్నాము. ఎవరికి కావలసిన తాళంచెవి వారికి ఇవ్వడమన్న పని ఒక్కటి మాత్రం మొదటినుంచి చివరిదాకా ఎవరూ చెయ్యలేదు.

మా మేనల్లుడు 1990ల మధ్యనుంచి హైదరాబాదులో నెట్‌వర్కు పనుల్లో ఉన్నాడు. చాలా ఏళ్ళ తరువాత ఈ కథ చెబితే వాడు నవ్వలేదు. "మావయ్యా, ఇది అప్పటికి ముప్పై ఏళ్ళ ముందే తేల్చిన లెక్క" అన్నాడు. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్లలోని సమాచారానికి రక్షణ ఎలా కల్పించాలో ఒక వ్యాసం రాశారు. అందులో ఎనిమిది సూత్రాలు చెప్పారు. వాటిలో కొన్ని వాడి నోట విన్నప్పుడు మా బడి చరిత్ర ఎవరో ముందే రాసిపెట్టారా అనిపించింది.

ప్రతి ప్రోగ్రాముకూ, ప్రతి వాడుకరికీ తన పని పూర్తిచేసుకోవడానికి చాలినంత అధికారమే ఉండాలి, అంతకు మించి ఉండకూడదన్నది ఒక సూత్రం. మొదట అన్నీ మూసి ఉంచి కావలసినవి తెరవాలే గాని, అన్నీ తెరిచి ఉంచి కొన్నిటిని మూయడం సరికాదన్నది ఇంకొకటి. మా మొదటి దశ ఈ రెండిటికీ విరుద్ధం. ఏర్పాటు ఎలా ఉందో ఇతరులకు తెలియదన్న ధీమా మీద రక్షణ నిలబడకూడదన్నది మరొకటి. గుర్తులు దాచిన మా రెండో దశకు అది సమాధానం. రక్షణ ఏర్పాటు వాడుకరికి సులువుగా ఉండాలి, అప్పుడే అతడు దాన్ని సరిగ్గా వాడతాడన్నది ఇంకొకటి. నా దినచర్య పుస్తకం చివరి పేజీ దానికి ఉదాహరణ.

వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో నావెల్ సంస్థ వారి నెట్‌వేరు అనే సర్వరు వ్యవస్థ విరివిగా ఉండేదట. 1983లో మొదలైన ఆ వ్యవస్థకు సాధారణ మద్దతు 2010లో ముగిసింది. కాని దాని కట్టడి వింటే నాకు ముచ్చటేసింది. సర్వరులో పుట్టుకతోనే పబ్లిక్ అని ఒక అర, సిస్టమ్ అని ఒక అర ఉండేవి. అందరికీ అవసరమైన పనిముట్లు పబ్లిక్‌లో, నిర్వాహకుడికి మాత్రమే కావలసినవి సిస్టమ్‌లో ఉండేవి. పబ్లిక్‌లో ఉన్నవాటిని కూడా సామాన్య వాడుకరి చూడగలడు, చదవగలడు, మార్చలేడు. ఖాతాలు నిర్వహించే సిస్‌కాన్ అనే పనిముట్టు పబ్లిక్‌లోనే ఉండేదట. ఎవరైనా దాన్ని తెరవవచ్చు. తన సంకేతపదం తాను మార్చుకోవచ్చు. ఇంకొకరి ఖాతా తుడవబోతే మాత్రం సర్వరు ఒప్పుకోదు.

ఇది వినగానే నాకొక సందేహం వచ్చింది. పనిముట్టు చేతిలో ఉన్నా హక్కు లేకపోతే ఏమీ చేయలేనప్పుడు, పనిముట్టును క్లయింటు మీద వేయకూడదన్న పట్టుదల ఎందుకు? చాలామంది సాంకేతికుల వాదన ఇదే. ఇందులో సగం నిజం ఉంది. అసలు కాపలా హక్కుల దగ్గరే, సర్వరు దగ్గరే ఉండాలి. పనిముట్టు తీసేసి హక్కు వదిలేస్తే ఏమవుతుందో మా పదో తరగతి కుర్రవాడు చూపించాడు. కాని మిగతా సగం కూడా ఉంది. హక్కులు రాసేవాడు మనిషే. మనిషి ఏదో ఒకరోజు పొరపాటున ఎక్కువ రాస్తాడు, టైపు ప్రోగ్రాము కోసమో, బస్సు కోసమో. ఆ రోజున ప్రతి బల్ల మీదా పనిముట్టు సిద్ధంగా ఉంటే ఆ పొరపాటు ఆ మధ్యాహ్నమే ఒక పిల్లవాడి చేతికి తగులుతుంది. లేకపోతే దిద్దుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. బావికి గిలకా చేదా తీసేసినంత మాత్రాన బావి పూడ్చినట్లు కాదు, నిజమే. కాని చంటిపిల్లలున్న ఇంట్లో బావికి పిట్టగోడా కడతాము, చేదా పైన పెడతాము. రెండూ చేస్తాము.

ఈ సంగతి సాఫ్ట్‌వేరు తయారుచేసేవారికి తెలియకపోలేదు. ఒరాకిల్ డేటాబేసుకు క్లయింటు అమర్చేటప్పుడు ఏ రకం కావాలని అది ముందే అడుగుతుంది. నిర్వాహకుడి రకం వేరు, కేవలం నడిపించుకునే రకం వేరు. విండోస్‌లో కూడా సర్వరు నిర్వహణ పనిముట్లు క్లయింటుతోపాటు వాటంతటవి రావు. 2018 అక్టోబరు నాటి విండోస్ 10 నవీకరణ నుంచి అవి కోరి చేర్చుకోవలసిన అంగాలుగా ఉన్నాయి. అన్ని యంత్రాలకూ ఒకే నిర్వాహక సంకేతపదం పెట్టే దురలవాటుకు మందుగా, ఒక్కొక్క యంత్రానికి ఒక్కొక్క సంకేతపదాన్ని తానే సృష్టించి మార్చే ఏర్పాటును మైక్రోసాఫ్టు 2015లో ఇచ్చింది. మందు అంగట్లో ఉంది. అమర్చేవాడు తొందరలో నిర్వాహకుడి రకానికి టిక్కు పెట్టి ముందుకు పోతే, తయారుచేసినవాడు చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకొక సూక్ష్మం మా మేనల్లుడు చెప్పేవరకు నాకు తట్టలేదు. అమర్చే సమయమే అన్నిటికంటే ప్రమాదకరమైన సమయమట. ఎందుకంటే అప్పుడు అమర్చేవాడికి పూర్తి అధికారం అవసరం. పని అయిపోయాక అది వెనక్కు పోవాలి. కాని జాడలు మిగులుతాయి. మనిషి కూర్చోనక్కరలేకుండా విండోస్ తనంతట తాను అమరడానికి జవాబుల ఫైలు ఒకటి రాస్తారు. అందులో నిర్వాహకుడి సంకేతపదం కూడా పెట్టవచ్చు. పైకి అర్థంకాని అక్షరాల్లా మార్చి రాసినా, తెలిసినవాడు క్షణంలో విప్పేస్తాడు. పని ముగిశాక ఆ ఫైలు యంత్రంలోనే మరిచిపోయేవారు కోకొల్లలట. తాపీమేస్త్రి ఇల్లు కట్టి, సారవ కర్రలు విప్పకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుంది? దొంగకు నిచ్చెన వెతుక్కునే పని ఉండదు.

ఇక్కడ నా శాస్త్రం నాకు గుర్తుకు వస్తుంది. పాణిని అష్టాధ్యాయిలో అధికార సూత్రాలని కొన్ని ఉన్నాయి. అధికార సూత్రం తానున్నచోట ఊరుకోదు, తన తరువాతి సూత్రాలన్నిటి మీదా ప్రసరిస్తుంది. అయితే ఎంతవరకు? దానికొక అవధి ఉంటుంది. మూడో అధ్యాయం మొదట పెట్టిన ప్రత్యయాధికారం అయిదో అధ్యాయం చివరిదాకా నడిచి అక్కడ ఆగిపోతుంది. ఎంతవరకో తెలియని అధికారంతో వ్యాకరణం నడవదు. పై సూత్రంలోని పదం కింది సూత్రంలోకి రావడాన్ని అనువృత్తి అంటాము, ఆగిపోవడాన్ని నివృత్తి అంటాము. మా మేనల్లుడు చెప్పిన హక్కులు కూడా ఇంతే. పై ఫోల్డరులో ఇచ్చిన హక్కు కింది ఫోల్డరులోకి అనువర్తిస్తుంది, అక్కరలేనిచోట దాన్ని నివర్తింపజేయాలి. నెట్‌వేరులో ఒక ఫోల్డరు మీద సూపర్‌వైజరీ అనే పై హక్కు ఇస్తే, దాని కిందనున్న ఫోల్డర్లలో దాన్ని ఏ తెరా ఆపలేకపోయేదట. అందుకే దాన్ని ఇచ్చేటప్పుడు చెయ్యి వణకాలి. మా బడిలో అమర్చిన మనిషికి చెయ్యి వణకలేదు. సంతకం చేసిన నాకూ వణకలేదు.

నా వాదానికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. దాన్ని దాటవేయను. ఇలా అన్నిటికీ అవధులు గీస్తే పిల్లల కుతూహలం చచ్చిపోదా? ఈనాడు పెద్ద పదవుల్లో ఉన్న ఇంజనీర్లు ఎందరో చిన్నతనంలో ముట్టుకోకూడనివి ముట్టుకునే నేర్చుకున్నామంటారు. ఇది నిజమే. పాడుచేయకుండా ఎవడూ ఏ విద్యా నేర్వలేదు. పలకా బలపమూ కనిపెట్టింది అందుకే. పలక మీద తప్పు రాస్తే తుడిచేస్తాము. అదే పిల్లవాడిచేత హాజరుపట్టీలో ఓనమాలు దిద్దించం. కుతూహలం ఉన్న పిల్లవాడికి విడిగా ఒక పాత యంత్రం ఇచ్చి, దాని మీద సర్వాధికారాలూ ఇచ్చి, "ఇది నీది, ఏం చేస్తావో చెయ్యి, పాడైతే మళ్ళీ ఎక్కిద్దాం" అనడం గురువు పని. ఆ పని చేయకుండా, మార్కుల పట్టికలున్న సర్వరు తాళాలు వాడి బల్ల మీద వదిలి, వాడు ముట్టుకున్నాక వేపచెట్టు కిందకు పంపడం కుతూహలానికి స్వేచ్ఛ కాదు, వలపన్నడం. అవధి గీయనందువల్లే మా బడిలో కుతూహలం చచ్చిపోయింది. అందులోనూ నిజం చెప్పే ధైర్యంతో కలిసి చచ్చిపోయింది.

అవధి నిర్వాహకుడికి కూడా వర్తిస్తుంది. సర్వరు చూసుకునే మనిషి ఉత్తరాలు చదువుకోవడానికీ, వార్తలు చూడడానికీ నిర్వాహక ఖాతానే వాడకూడదు. అతడికి రోజువారీ ఖాతా ఒకటి, నిర్వహణ ఖాతా ఒకటి వేరుగా ఉండాలి. గుడిలో పూజారి గర్భగుడి తాళం పట్టుకుని కూరగాయల బజారుకు పోడు గదా.

ఇక మా గ్రంథాలయానికి వస్తాను. కలం మూత పెట్టేసి ఆ కుర్రవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడిగాను. పాఠకులు పోతే ఆరు క్లయింటుల మీదా సర్వరు నిర్వహణ పనిముట్లు ఉన్నాయా? ఉంటే వాటిలో ఏ ఒక్కదాని మీద అవసరం? పాఠకులు వాడే ఖాతా ఏ బృందంలో ఉంది? ఆరు యంత్రాలకూ నిర్వాహక సంకేతపదం ఒకటేనా? అమర్చడానికి వాడిన ఫైళ్ళు ఇంకా లోపలే ఉన్నాయా? చివరగా ఒక మాట కలిపాను. తెలుగు కీబోర్డు కావాలన్న పాఠకుడికి ఎవరినీ బతిమాలనక్కరలేకుండా దొరుకుతుందా?

కుర్రవాడు నావైపు అదోలా చూశాడు. "ఇవన్నీ మీకెందుకండీ మాస్టారూ? ఇక్కడ ఎవరు ముట్టుకుంటారు, అందరూ పెద్దవాళ్ళే గదా" అన్నాడు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక కాబోలు, కాసేపు ఆగి, "పనిముట్లు అన్నిటి మీదా ఉన్నాయి. పాస్‌వర్డు ఒకటే" అని ఒప్పుకున్నాడు. వాణ్ణి నేను కోప్పడలేదు. ఆరోజు వాడు చూడవలసిన ఊళ్ళు మూడట. తొందర వాడిది కాదు, వాణ్ణి పంపినవారిది. కాని తొందర ఎవరిదైనా దెబ్బ తగిలేది చివరి కుర్చీలో కూర్చున్నవాడికి.

బస్సు పోతుందని వెళ్ళిపోయాడు. మూడోరోజు మళ్ళీ వచ్చి మధ్యాహ్నమంతా కూర్చుని అన్నీ సరిచేశాడు. పనిముట్లు ఇప్పుడు గ్రంథపాలకుడి యంత్రం మీద మాత్రమే ఉన్నాయి. పాఠకుల ఖాతాకు చదివే హక్కు, తమ ఫోల్డరులో రాసుకునే హక్కు ఉన్నాయి. తెలుగు కీబోర్డు అన్నిటిలోనూ ఉంది. ఏం చేశాడో ఒక్కొక్కటే కాగితం మీద రాయించి, ఆ కింద సంతకం చేశాను. సంతృప్తికరంగా అన్న మాట కొట్టేయించాను. ఏమేం చేశారో రాస్తే చాలు, తృప్తి సంగతి తరువాత చూసుకోవచ్చు.

బడులకూ, గ్రంథాలయాలకూ, సంఘాలకూ కంప్యూటర్లు తెచ్చుకునే పెద్దలకు నా మనవి ఇది. యంత్రం గురించి మీకేమీ తెలియకపోయినా ఫరవాలేదు. ఎవరికి ఏ అధికారం ఇచ్చారు, ఎక్కడిదాకా ఇచ్చారు అని అడగడానికి యంత్రం తెలియనక్కరలేదు. జవాబు కాగితం మీద వచ్చేదాకా కలం మూత తీయకండి.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ముప్పై అయిదేళ్ళు దగ్గరపడి ఉంటాయి. పదో తరగతి అయ్యాక వాళ్ళు ఊరు మారారు. ఎక్కడున్నాడో తెలియదు. ఎప్పుడైనా ఎదురుపడితే చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. వాళ్ళ నాన్న ఆనాడు నన్ను అడిగిన ఒక్క మాటే.